గవర్నరు గారి పాత గుమాస్తా

శనివారం పొద్దున ఏడు గంటలకు ఫోన్ వచ్చింది. మాట్లాడింది సిరిసిల్ల అతను. నర్సింగం కొడుకు ఉపేందర్‌తో పాటు జైల్లో ఆరేళ్లు ఒకే బ్యారక్‌లో ఉండి, ముందురోజే విడుదలై ఊరికి బయలుదేరాడు. రైల్వే స్టేషన్ నుంచి మాట్లాడుతున్నాడు.

"కాకా, బయటికొచ్చినంక మొదలు మీకే చేస్తాన్న. మీవోనికి నిన్న గూడ డయాలసిస్ చేపియ్యలే. దవాఖానకు తీస్కపోయేతందుకు పోలీసోళ్లు తక్కువున్నరన్నరు. ఈ వారంల రెండు సార్లు తప్పింది. మొకం ఉబ్బింది కాకా. చెప్పులు గూడ పడ్తలేవు కాళ్లకు."

నర్సింగం "సరే బిడ్డా" అన్నాడు. ఫోన్ పెట్టేసిన తర్వాత కూడా దాన్ని చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాడు.

గోడ పక్కన రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్న పోశవ్వ చెయ్యి ఆపింది.

"ఏమంటాండు?"

"ఏం లేదు. జర నీరసంగ ఉన్నడట."

"ఏమయ్యా, నలభై ఏండ్ల సంది నీ మొకం చూస్తాన్న. నాతోని అబద్ధమాడుతవా?"

నర్సింగం చెప్పాడు. పోశవ్వ ఏడవలేదు. కండె తీసి బుట్టలో వేసి, చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది.

"ఇయ్యాల సారు వస్తాండు గద. పేపర్ల వేసిండ్రని నువ్వే సదివినవ్. పోయి కాళ్ల మీద పడు."

"అట్ల అడుగొద్దే. ఫైలు నడుస్తాంది."

"ఫైలు నడుస్తాంది గని నా కొడుకు నడుస్తలేడు" అంది పోశవ్వ. "ఇరవయ్యారేండ్లు ఆయన సంచి మోసినవ్. నీకు సిగ్గయితాందా? అయితే నేను పోత."

వాళ్ల కొడుకు ఉపేందర్ పంతొమ్మిదో ఏట పవర్‌లూమ్ పనికి వేరే రాష్ట్రం వెళ్లాడు. రైలులో ఒక పగలు, ఒక రాత్రి ప్రయాణం. అక్కడ సాంచాలు, అంటే ఆ మరమగ్గాలు, నడిచే షెడ్డులో రెండేళ్ల తర్వాత కార్మికుల మధ్య గొడవైంది. ముగ్గురు కలిసి ఒకతన్ని కొట్టారు. అతను చనిపోయాడు. ఉపేందర్ కొట్టలేదని నర్సింగం ఎన్నడూ అనలేదు. కొట్టాడు. ఆ మాట వాడే చెప్పాడు. యావజ్జీవ శిక్ష పడింది. పన్నెండేళ్ల మూడు నెలలు గడిచాయి. నిరుడు వానాకాలంలో రెండు కిడ్నీలూ పాడయ్యాయి.

పద్నాలుగేళ్లు నిండని యావజ్జీవ ఖైదీని ప్రభుత్వం తనంతట తాను విడవడానికి వీల్లేదు. రాజ్యాంగంలో ఒకే ఒక దారి ఉంది, నూట అరవై ఒకటో అధికరణం. ఆ రాష్ట్ర గవర్నరు సంతకం పెడితే విడవవచ్చు. ఈ సంగతి నర్సింగానికి ఏ వకీలూ చెప్పాల్సిన పని లేకపోయింది. కొడుకు పేరు మీద క్షమాభిక్ష దరఖాస్తు తనే రాసి, తనే టైపు చేయించి, జైలు ద్వారా పంపించాడు. అయిదు నెలల తర్వాత ఆ రాష్ట్రానికి కొత్త గవర్నరు వచ్చారు. ఆయన పేరు టీవీలో విన్నప్పుడు నర్సింగం అన్నం ముద్ద నోటి దాకా తెచ్చుకుని ఆగిపోయాడు.

రమాకాంత్ సారు.

వర్ధన్నపేటలో బడిపంతులు కొడుకుగా పుట్టి, మట్టెవాడలో బట్టల దుకాణం పైన ఒక్క గది కిరాయికి తీసుకుని వకాల్తు మొదలుపెట్టిన మనిషి ఆయన. అప్పుడు ఆయనకు ఒక నల్లకోటు, ఒక గుమాస్తా ఉండేవారు. ఆ గుమాస్తా నర్సింగం. మగ్గం మీద కూలి గిట్టక, పదో తరగతి చదువును నమ్ముకుని ఆ మెట్లెక్కాడు. తర్వాత సారు ప్రభుత్వ వకీలు అయ్యారు, హైకోర్టుకు వెళ్లారు, రెండుసార్లు ఎన్నికల్లో నిలబడి రెండుసార్లూ ఓడిపోయారు, ఏదో కమిషన్‌లో సభ్యుడయ్యారు. ఓడిన మనిషికి ఇంత పదవి ఎలా వచ్చిందని అదాలత్ చుట్టూ చాయ్ దుకాణాల్లో నెలరోజులు మాట్లాడుకున్నారు. నర్సింగానికి ఆశ్చర్యం కలగలేదు. ఆయన కాగితం మీద తప్పు దొరకదు. అలాంటి మనిషి ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు అవసరపడతాడు.

ఆ జాగ్రత్త వెనక ఒక పాత కథ ఉంది. తొర్రూరు పత్తి మిల్లులో పదకొండు మంది కూలీల మీద పడ్డ కేసు అది. వాదనలు అయిపోయాయి. తీర్పుకు వారం ఉందనగా ఒక కూలీ తండ్రి జడ్జి గారి ఇంటికి పోయి, ఎక్కడో కలిసే దూరపు చుట్టరికం చెప్పుకుని దండం పెట్టి వచ్చాడు. చుట్టరికం ఉందన్న మాట వచ్చాక తీర్పు చెప్పకూడదని మర్నాడే జడ్జి ఆ కేసు వదులుకున్నారు. కొత్త జడ్జి మొదటి నుంచి వినేసరికి మూడేళ్లు పట్టింది. పదకొండు మందీ ఆ మూడేళ్లు లోపలే ఉన్నారు. నిర్దోషులని తీర్పు అప్పటికే రాసి బల్ల సొరుగులో పెట్టుకున్నానని పాత జడ్జి రిటైరయ్యాక సారుతో చెప్పారు.

పరిచయం బయటపడితే కేసుకే నష్టమని అప్పటి నుంచి సారుకు ఒక అలవాటు వచ్చింది. కేసు ఆఖరుకు వచ్చిందంటే కోర్టు వరండాలో తన కక్షిదారు వైపు కన్నెత్తి చూసేవారు కాదు. నమస్తే పెట్టినా పక్క నుంచి వెళ్లిపోయేవారు. జనం భయపడేవారు. వాళ్లకు ధైర్యం చెప్పే పని నర్సింగానిది. "సారు మీ దిక్కు చూస్తలేడంటే కేసు మంచిగున్నట్టు. ఫికర్ చెయ్యకుండ్రి. నోరు మూసుకొని గా బల్ల మీద కూసోండ్రి, చాలు." ఎన్ని వందల మందికి చెప్పాడో ఆ మాట.

అందుకే దరఖాస్తులో తన పరిచయం ఒక్క ముక్క రాయలేదు. సారు గవర్నరు అయ్యాక కూడా ఉత్తరం రాయలేదు, ఫోన్ చేయలేదు. ఇంటికి వచ్చిన చుట్టాలు తిట్టినా ఊరుకున్నాడు.

కానీ ఆ శనివారం అతని చెవిలో ఒకే మాట తిరుగుతోంది. చెప్పులు గూడ పడ్తలేవు కాళ్లకు.

న్యాయవాదుల సంఘం వాళ్లు సారుకు సన్మానం పెట్టారు. హాలు నిండిపోయింది. గుమాస్తాల వంతుకు వచ్చిన పాసుల్లో ఒకటి నర్సింగం కోసం పండరి ఉంచాడు. పండరి కూడా గుమాస్తానే, నర్సింగం కంటే పదేళ్లు చిన్న. ఇద్దరూ నాలుగో వరసలో కూర్చున్నారు.

సారు బాగా తెల్లబడ్డారు. మెడ కొంచెం ముందుకు వంగింది. మాట మాత్రం అదే మాట. అరగంట మాట్లాడారు. పాత జడ్జీలను పేరుపేరునా తలచుకున్నారు. చనిపోయిన టైపిస్టును తలచుకున్నారు. అదాలత్ క్యాంటీన్‌లో మిర్చి బజ్జీల గురించి చెప్పి అందరినీ నవ్వించారు. మాట్లాడుతూ ముందు వరస నుంచి వెనక వరస దాకా చూపు తిప్పారు. నర్సింగం ఎడమ పక్కన కూర్చున్న ముసలి వకీలును చూసి తలూపారు. ఆ చూపు అక్కడి నుంచి లేచి పండరి మీద వాలింది. మధ్యలో కుర్చీ ఖాళీగా ఉన్నట్టే దాటిపోయింది.

పండరి గొంతు తగ్గించి అన్నాడు. "ఏందే నర్సన్నా, నన్ను చూసి నవ్విండు, నిన్ను చూడలే?"

"చూసిండు కావచ్చు."

"ఏడ చూసిండు? క్యాంటీన్ల బజ్జీ యాదికున్నది గని నువ్వు యాదికి లేవు. ఇరవయ్యారేండ్లు సంచి మోసేకంటే ఇన్ని బజ్జీలేసినా సరిపోతుండె గదనే."

వెనక వరసలో ఎవరో ముసిముసిగా నవ్వారు. నర్సింగం కూడా నవ్వాడు. నవ్వుతుండగానే లోపల ఏదో తెగింది. ఆయన మర్చిపోయాడు, అనుకున్నాడు. పదవి పెద్దది. నేనెవర్ని? ఫైలు ఏ బల్ల కిందో పడి ఉంటుంది. పేరు చూసినా పోల్చుకోడు. నేను చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?

ఇన్నేళ్లు పక్కవాళ్లకు చెప్పిన మాట ఆ క్షణాన తనకు గుర్తు రాలేదు. కోర్టు ముందు తను ఎప్పుడూ వకీలు పక్కన నిలబడ్డాడు. కొడుకు ప్రాణం చేతిలో పట్టుకుని అవతల పక్కన నిలబడటం అదే మొదటిసారి.

సభ అయిపోయింది. సారు మెట్లు దిగి కారు వైపు నడుస్తున్నారు. అటూ ఇటూ తాడు కట్టారు. నర్సింగం ఆ తాడు కింద నుంచి దూరి వెళ్లాడు. పోలీసు అతని భుజం పట్టుకునే లోపలే గట్టిగా అరిచాడు.

"సార్! నేను నర్సింగాన్ని. మట్టెవాడ ఆఫీసు నర్సింగాన్ని. ఉపేందర్ నా కొడుకు సార్. కిడ్నీలు పోయినయ్. వాని ఫైలు మీ దగ్గరనే ఉన్నది. ఒక్క సంతకం సార్!"

ఫోటోగ్రాఫర్లు ఒక్కసారిగా ముందుకు వచ్చారు. సారు ఆగారు. కళ్లు మూసుకున్నారు. మూసుకుని, తెరిచి, పోలీసును వదలమని సైగ చేసి దగ్గరికి వచ్చారు. నర్సింగం రెండు చేతులూ పట్టుకున్నారు. జనానికి కనిపించింది అదే. నర్సింగానికి మాత్రమే వినిపించేటట్టు ఆయన అన్నది వేరు.

"ఎందుకు చెప్పినవ్ నర్సింగం?"

అప్పుడు గుర్తొచ్చింది. తొర్రూరు కూలీ తండ్రి ముఖం, అతని భుజం మీది తువ్వాల, ఆ రోజు వరండాలో తను అతన్ని తిట్టిన తిట్లు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

ఆదివారం జిల్లా పేజీలో ఫోటో పడింది. "పాత గుమాస్తాను ఆప్యాయంగా పలకరించిన గవర్నరు" అని శీర్షిక పెట్టారు. కింద ఉపేందర్ పేరు, జైలు, క్షమాభిక్ష ఫైలు, అంతా రాశారు. పోశవ్వ చదువుకోలేదు కానీ ఫోటోను చాలాసేపు చూసింది. "చేతులు పట్టుకున్నడు" అంది. కాగితం మడత నలగకుండా పట్టుకుని పక్కింటికి వెళ్లి చూపించి వచ్చింది. కొన్ని నెలల్లో పొయ్యి మీద కూర మాడకుండా దించింది ఆ రోజే.

నర్సింగం అప్పటికే ప్రభుత్వ అతిథి గృహం గేటు దగ్గర ఉన్నాడు. లోపలికి పంపరనుకున్నాడు. పది నిమిషాల్లో పిలుపు వచ్చింది.

గదిలో సారుతో పాటు ఒక నడివయసు అధికారి ఉంది. ముందు నోటు పుస్తకం, చేతిలో పెన్ను.

"కూసో నర్సింగం. ఈమె చైతన్య గారు, నా కార్యదర్శి. మనం మాట్లాడుకునే ప్రతి ముక్క రాసుకుంటది. ఫైలుల పెడతది. ఒంటరిగ కలిసినమని రేపెవ్వలూ అనొద్దు."

నర్సింగం కూర్చోలేదు. "తప్పయింది సార్."

"ఫైలు బుధారమే నా టేబుల్ మీదికి వచ్చింది" అన్నారు సారు. "మంత్రివర్గం విడువుమన్నది. డాక్టర్ కాయితం పాతదుంటె కొత్తది తెమ్మన్న. శుక్రారం మాపటికి వచ్చింది, అప్పటికి నేను బయల్దేరిన. సోమారం పొద్దున సంతకం పెడుదామని అనుకున్న."

చైతన్య పెన్ను కదులుతూనే ఉంది.

"నీ కొడుకని నాకెవ్వలూ చెప్పలే. దరఖాస్తుకు పిన్ను లేదు. నూలు దారం తోని కుట్టి ఉన్నది. మూలకు చిన్న ముడి. మగ్గం మీద తెగిన పోగును అతికే ముడి. వరంగల్ల గట్ల కాయితాలు కుట్టే గుమాస్తా ఒక్కడే నాకు ఎరుక. చూసిన. చూసి పేజీ తిప్పిన. ముడి చూసిన అంటె సాక్ష్యం గాదు గద. ఎవ్వలూ చెప్పనంత వరకు నాకు తెల్వదు. నిన్న హాల్ల నిన్ను చూడకుండ దాటిపోయిన. నీకన్న తెలుస్తది అనుకున్న నర్సింగం. నీకన్న."

నర్సింగం కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాడు. దరఖాస్తు కుట్టినప్పుడు ఆ ముడి వేయాలని వేయలేదు. చేతికి వచ్చిన ముడి అదొక్కటే.

"ఇప్పుడు పెట్టుండ్రి సార్. మంత్రివర్గం సరే అన్నది గద. మీరు కాదన్నా అవునన్నా వాళ్ల సలహానే గద నడిచేది."

"పెట్టొచ్చు. చట్టం అడ్డం రాదు. గని చచ్చిపోయినాయన తమ్ముడు ఇదివరకే ఒకసారి హైకోర్టుకు పోయిండు, విడువొద్దని. ఇయ్యాల పేపర్ల ఫోటో పడ్డది. ఎల్లుండికి అది ఆయన వకీలు చేతిల ఉంటది. గవర్నరు తన గుమాస్తా కొడుకును విడిపిచ్చుకున్నడంటరు. స్టే వస్తది. ఇంటికొచ్చిన పిలగాన్ని బేడీలేసి మల్ల తీస్కపోతరు. చూస్తవా అది?"

"ఇంటికైతే వస్తడు గద సార్. నాలుగు దినాలన్న. నాలుగు దినాలు ఈడ దవాఖాన్ల వానికి రక్తం శుద్ధి అయితది. వాళ్లమ్మ చేతి బువ్వ తింటడు."

సారు తల అడ్డంగా ఊపారు.

నర్సింగం చేతులు జోడించాడు. "నన్ను ఎరుగనని రాయుండ్రి సార్. ఎవడో పిచ్చోడు అడ్డమొచ్చిండని రాయుండ్రి. నేను గూడ రాసిస్త, మీకు నాకు పరిచయం లేదని. ఇరవయ్యారేండ్ల రిజిస్టర్లు నా ఇంట్లనే ఉన్నయ్. కాలవెడ్త."

చైతన్య పెన్ను ఆగింది. ఆమె తలెత్తి సారు వైపు చూసింది.

"అది రాయకమ్మా" అన్నారు సారు.

ఆయన ఒక మాటను కాగితం మీద పడకుండా ఆపడం నర్సింగం ఎన్నడూ చూడలేదు.

"జరిగింది జరిగినట్టు రాసి ఫైలు తిరిగి పంపుత. ఆయన నాకు ఎరుకే, ఆ సంగతి తెలిసినంక మీరు మల్ల ఆలోచించి చెప్పుండ్రి అంట. వాళ్లు మల్ల విడువుమంటె ఇగ ఏ కోర్టూ కొట్టెయ్యదు. పది దినాలు. తిరిగొచ్చిన గంటల సంతకం పెడత."

"పది దినాలు" అన్నాడు నర్సింగం.

"పది దినాలు" అన్నారు సారు. కానీ ఈసారి ఆయన కిటికీ వైపు చూస్తూ అన్నారు.

ఇంటికి వచ్చేసరికి పోశవ్వ గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏమన్నడు?"

"పెడత అన్నడు."

"నేను చెప్పలేదా! నువ్వే ఉత్తగ నోరు మూసుకొని కూసున్నవ్ గిన్ని దినాలు" అంది. అంటూ కళ్లు తుడుచుకుంది. నర్సింగం కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లి, బకెట్‌లో నీళ్లు అయిపోయేదాకా కడుక్కున్నాడు. ఫైలు సోమవారానికే సిద్ధంగా ఉందని ఆమెకు చెప్పలేదు. చెబితే తప్పు తనను పంపిన ఆమె మీద పడుతుంది.

నాలుగో రోజు అతను రైలెక్కాడు.

ఉపేందర్‌ను అప్పటికే జైలు నుంచి ఆ రాష్ట్ర రాజధానిలోని పెద్ద దవాఖానకు మార్చారు. మంచం చట్రానికి గొలుసు, గొలుసు చివర కాలు. కాలు ఎంత వాచిందంటే కడెం చర్మంలోకి దిగిపోయింది. రోజుకు పది నిమిషాలు చూడనిచ్చేవారు.

"బాపూ, సారు ఏమన్నడే?"

"పెడత అన్నడు బిడ్డా. జర కాయితం పని ఉన్నది."

"నువ్వు అడిగితె కాదంటడా" అన్నాడు ఉపేందర్. ఊపిరి ఆడక ఆగి ఆగి మాట్లాడుతున్నాడు. "చిన్నప్పుడు ఆఫీసుకు తోల్కపోయినవ్ యాదికున్నదా? సారు నాకు ముద్రలేసే ప్యాడు ఇచ్చిండు. నేను అంగి మీద మొత్తం వేసుకున్న. అమ్మ కొట్టింది."

"అవు. ఆ మరక పోనే లేదు."

"ఇంటికొచ్చినంక నేను ఇగ సాంచాల పని చెయ్య బాపూ. మన మగ్గం మీద దర్రీలే నేస్త. కూసోని చేసే పని."

"అట్లనే బిడ్డా."

కాపలా పోలీసు గడియారం చూపించాడు.

దవాఖాన నుంచి రాజ్‌భవన్ రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. నర్సింగం రోజూ నడిచి వెళ్లేవాడు. గేటు ఎదురుగా రోడ్డుకు ఇవతల బస్సు షెల్టర్ ఉంది. అక్కడ కూర్చునేవాడు. లోపలికి వెళ్లే ప్రయత్నం చేయలేదు. సారు కారు బయటికి వచ్చినప్పుడల్లా లేచి, వెనక్కి తిరిగి, గోడ మీద అంటించిన ప్రకటన చదువుతున్నట్టు నిలబడేవాడు. కారు పోయిందాకా ముఖం తిప్పేవాడు కాదు. ఎవరైనా ఫోటో తీస్తే ఫైలులో ఇంకో కాగితం పడుతుంది. ఆ ప్రకటనలో ఏం రాసి ఉందో అతనికి తెలియదు. అది తనకు రాని భాష. కానీ ఆ అక్షరాల ఆకారం ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

పదో రోజు వచ్చి పోయింది. శాసనసభ జరుగుతోంది, మంత్రివర్గం కూర్చోవడానికి వీలు కాలేదని సచివాలయం దగ్గర ఎవరో చెప్పారు. పన్నెండో రోజు మంత్రి ఊళ్లో లేడన్నారు. పద్నాలుగో రోజు ఏమీ చెప్పలేదు. పోశవ్వ పొద్దున ఒకసారి, మాపున ఒకసారి ఫోన్ చేసేది. "వచ్చిందా?" అనేది. "రేపట్కి వస్తది" అనేవాడు. అతను ఎన్నడూ కక్షిదారులకు అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు రోజుకు రెండు చెబుతున్నాడు.

పదహారో రోజు పొద్దున తొమ్మిదింటికి ఉపేందర్ చనిపోయాడు. చూసే సమయం పదకొండు గంటలకు. నర్సింగం బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. లోపల చక్రాల బండి చప్పుడు విన్నాడు కానీ అది తన కొడుకు కోసమని తెలియలేదు. చనిపోయాక గొలుసు తీయడానికి కూడా ఒక కాగితం కావాలన్నారు. అది సాయంత్రానికి వచ్చింది.

పండరి వచ్చి శవాన్ని తీసుకురావడానికి సాయం చేశాడు. అంబులెన్సులో పగలంతా ఇద్దరూ శవం పక్కనే కూర్చున్నారు. తెలంగాణ సరిహద్దు దాటాక పండరి ఒక్కసారిగా, "నన్ను మన్నించు నర్సన్నా. ఆనాడు ఆ బజ్జీ మాట అనకపోతే" అని ఆపేశాడు. నర్సింగం అతని మోకాలి మీద చెయ్యి వేశాడు. నీదేం లేదు అని చెప్పాలనుకున్నాడు.

పదకొండో రోజు కర్మ అయిపోయింది. ఆ మర్నాడు మధ్యాహ్నం రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది. నర్సింగం అద్దాలు పెట్టుకుని గుమ్మంలో కూర్చుని చదివాడు. రాజ్యాంగం నూట అరవై ఒకటో అధికరణం కింద ఖైదీ ఉపేందర్, తండ్రి నర్సింగం, మిగిలిన శిక్ష రద్దు. గవర్నరుకు ఖైదీ తండ్రితో ఉన్న పాత పరిచయం, శనివారం నాటి సంఘటన, మంత్రివర్గం ఆ సంగతులు తెలిసి మళ్లీ ఇచ్చిన సలహా, అన్నీ వరసగా ఉన్నాయి. సంతకం కింద తేదీతో పాటు సమయం కూడా వేశారు. ఫైలు తిరిగి వచ్చిన గంటలోనే పెట్టారు. అప్పటికి ఉపేందర్ పోయి తొమ్మిది రోజులు. జైలు నుంచి ఆ కబురు రాజ్‌భవన్‌కు ఇంకా చేరలేదు.

సాయంత్రం ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"నర్సింగం." సారు గొంతు. వెనక పెన్ను చప్పుడు లేదు. "నాకు ఇయ్యాల చెప్పిండ్రు."

"ఆర్డరు వచ్చింది సార్."

"నర్సింగం, నేను..."

"చదివిన సార్. రెండు సార్లు చదివిన." నర్సింగం గొంతు మామూలుగానే ఉంది. మట్టెవాడ ఆఫీసులో కాగితం సరిచూసి బల్ల మీద పెట్టేటప్పుడు ఉండే గొంతే. "ఎక్కడ గూడ సందు లేదు. ఎవ్వలూ కొట్టెయ్యలేరు."

అవతల ఒక శబ్దం వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి దాన్ని ఆపుకోవడానికి ప్రయత్నించి ఆపుకోలేకపోయాడు. నర్సింగం వింటూ నిలబడ్డాడు. ఆయనను ఓదార్చాలనిపించింది. ఆయనను తిట్టాలనిపించింది. "ఉంట సార్" అని పెట్టేశాడు.

గోడ పక్కన పోశవ్వ రాట్నం ముందు కూర్చుని ఉంది. పదకొండు రోజుల తర్వాత ఆ రోజే మళ్లీ కూర్చుంది. చుట్టడం లేదు, ఊరికే పిడి పట్టుకుని ఉంది.

"గిదేనా ఆ కాయితం?"

"ఇదే."

"ఏమున్నది దాంట్ల?"

"విడిచిండ్రని ఉన్నది."

ఆమె చెయ్యి చాపింది. అతను ఇచ్చాడు. అక్షరాలు రాకపోయినా మొదటి వరస నుంచి చివరి దాకా వేలితో తడుముతూ చూసింది. సంతకం దగ్గర ఆగింది.

"జర ఆలస్యమైంది గని, నా కొడుకు జైలోడిగ పోలేదు" అంది. "విడిచిన మనిషి లెక్కనే ఉన్నడు ఈ కాయితంల. నువ్వు పోయి అడిగినవ్ కాబట్టే గదనయ్యా ఇదన్న వచ్చింది. అడగకపోతే ఇది గూడ రాకపోతుండె."

నర్సింగం ఆమె ముఖం చూశాడు. ఇరవై ఏడు రోజుల్లో ఆమె ముఖంలో కాస్త వెలుగు కనిపించడం అది రెండోసారి. మొదటిసారి ఆ ఫోటో చూసినప్పుడు.

"అవు" అన్నాడు.

ఉత్తర్వుకు కొట్టిన పిన్ను తీసేశాడు. పోశవ్వ ముందున్న బుట్టలోంచి మూరెడు నూలు తెంపి, దబ్బనానికి ఎక్కించాడు. దరఖాస్తు నకలు కింద పెట్టి, ఉత్తర్వు పైన పెట్టి, అంచులు కలిపి కుట్టాడు. మూలకు వచ్చి ముడి వేయబోయాడు. వేళ్లు తిరగలేదు. రెండోసారి కూడా జారిపోయింది.

"ఇటియ్యి" అంది పోశవ్వ. దారం రెండు కొసలూ తీసుకుని తనే ముడి వేసింది.